నీళ్లు పడితేనే ఆమ్లం

ఓఆర్ఎస్ ప్యాకెట్టు వెనక చిన్న అక్షరాల్లో ఒక పట్టిక ఉంటుంది. సోడియం క్లోరైడ్ 2.6 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9, గ్లూకోజు 13.5. ఇదంతా లీటరు నీళ్లలో కలపాలి. ఆ పట్టిక దగ్గరే 245 అనే అంకె కనిపిస్తుంది. లీటరు ద్రావణంలో విడివిడిగా తిరిగే కణాలు ఎన్ని మిల్లీమోళ్లో చెప్పే లెక్క అది. ఇప్పుడు పట్టికలోని బరువుల్ని మిల్లీమోళ్లలోకి మార్చి చూడండి. ఉప్పు దాదాపు 45, పొటాషియం క్లోరైడ్ 20, సిట్రేట్ 10, గ్లూకోజు 75. కూడితే 150. మిగతా 95 ఎక్కణ్ణుంచి వచ్చాయి?

ఉప్పు నీళ్లలో పడి సోడియం ఒకటి, క్లోరైడ్ ఒకటి అయింది. అంటే 45 కాస్తా 90. పొటాషియం క్లోరైడ్ కూడా అంతే, 20 కాస్తా 40. సిట్రేట్ నాలుగుగా విడిపోయింది, మూడు సోడియాలు, ఒక సిట్రేట్. అది 40. గ్లూకోజు మాత్రం కరిగిందే గాని విడిపోలేదు, 75 అలాగే ఉంది. ఇప్పుడు కూడండి, సరిగ్గా 245. విరేచనాలతో నీరసించిన పసివాడికి పట్టే గ్లాసెడు నీళ్ల లెక్క అయాన్ల సిద్ధాంతం మీద నిలబడి ఉందన్నమాట.

ఈ పాఠం పదో తరగతిలో అందరం చదివినదే. బీకరులో రెండు గ్రాఫైటు కడ్డీలు, ఒక బల్బు. ఆమ్లం పోస్తే వెలుగుతుంది, గ్లూకోజు ద్రావణం పోస్తే వెలగదు. కాబట్టి ఆమ్లాలు, క్షారాలు, లవణాలు నీళ్లలో అయాన్లనిస్తాయి అని రాసుకుని గంట కొట్టగానే లేచి వచ్చేశాం. ఆ వాక్యంలో తప్పేమీ లేదు. కాకపోతే అది మూడు వేరు వేరు పనుల్ని ఒకే మూటలో కట్టేస్తుంది. ఉప్పులో అయాన్లు ముందే ఉన్నాయి, నీరు వాటిని విడదీస్తుంది. హైడ్రోజన్ క్లోరైడ్‌లో అయాన్లు లేవు, నీరు కల్పించుకుని తయారుచేస్తుంది. బోరిక్ పొడి, పటిక లాంటివి నీటి అణువునే చీల్చి అయాన్లు పుట్టిస్తాయి. ఈ తేడా తెలియకపోతే ఆమ్లమంటే ఏమిటో తెలియనట్టేనని నా అభిప్రాయం. ఈ తేడా తేలడానికి పండితులకు వందేళ్లకు పైగా పట్టింది.

మొదట్లో ఆమ్లత్వమంతా ఆక్సిజన్ పుణ్యమే అనుకున్నారు. లవోయిజే ఆ మూలకానికి పెట్టిన పేరుకే 'ఆమ్లాన్ని పుట్టించేది' అని అర్థం. ఉప్పునుంచి తీసే ఆమ్లంలో ఆక్సిజన్ జాడే లేదని, అందులో ఉన్నవి హైడ్రోజన్, క్లోరిన్‌లేనని 1810 నాటికి హంఫ్రీ డేవీ తేల్చాడు. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. 1834లో ఫారడే, విలియం హ్యూయెల్ అనే పండితుణ్ణి అడిగి, కరెంటు మోసుకుపోయే ముక్కలకు అయాన్లని పేరు పెట్టాడు. అయితే ఫారడే ఆలోచనలో ఆ ముక్కల్ని చేసేది కరెంటే. తీగలు ముంచి మీట నొక్కితేనే అవి పుడతాయి, లేకపోతే లేవు. 1857లో క్లాసియస్ ఒకడుగు ముందుకేసి, కరెంటు లేకపోయినా ద్రావణంలో ఏ కొద్ది అణువులో విడిపోయి ఉండాలన్నాడు. ఎంత చిన్న వోల్టేజి పెట్టినా ద్రావణం కరెంటును మోస్తోంది కదా, విడగొట్టాల్సిన పని ముందే జరిగిపోయి ఉండకపోతే అది ఎలా కుదురుతుంది అని ఆయన వాదన.

అసలు గొడవ స్వీడన్‌లో మొదలైంది. 1884లో స్వాంటే అరీనియస్ అనే పాతికేళ్ల కుర్రాడు ఉప్సలా విశ్వవిద్యాలయంలో, ద్రావణాల విద్యుత్ వాహకత మీద పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథం సమర్పించాడు. పరీక్షకులు పెదవి విరిచారు. తక్కువ శ్రేణిలో ఏదో గట్టెక్కించారు. అతను ఊరుకోకుండా ప్రతుల్ని యూరప్‌లోని పెద్దలకు పంపాడు. రీగాలో ఉన్న ఆస్ట్‌వాల్డ్ చదివి, రైలూ పడవా ఎక్కి స్వయంగా ఉప్సలా వచ్చి, తన దగ్గర ఉద్యోగం ఇస్తానన్నాడు. బయటివాడు వచ్చి మెచ్చుకుంటే తప్ప ఇంట్లోవాడి విలువ తెలియకపోవడం ఒక్క మన విశ్వవిద్యాలయాల జబ్బే కాదు.

పాఠ్యపుస్తకాలు అరీనియస్ సిద్ధాంతం 1884 నాటిదని రాస్తుంటాయి. నిజానికి ఆ గ్రంథంలో అతను చురుకైన అణువులు, చురుకులేని అణువులు అనే మాటలతో జాగ్రత్తగా సరిపెట్టాడు. ఉప్పు నీళ్లలో పడగానే అయాన్లుగా విడిపోతుందని బాహాటంగా రాసింది 1887లో. ఆ ధైర్యం ఇచ్చింది వాంట్ హాఫ్ లెక్కలు. ద్రావణం గడ్డకట్టే ఉష్ణోగ్రత ఎంత తగ్గుతుందన్నది అందులోని కణాల సంఖ్యను బట్టి ఉంటుంది. చక్కెర లెక్క ప్రకారమే తగ్గిస్తోంది. ఉప్పు దాదాపు రెండింతలు తగ్గిస్తోంది. కాల్షియం క్లోరైడ్ ఇంచుమించు మూడింతలు. అదే ద్రావణాల వాహకతను కొలిచినా ఇదే సంగతి బయటపడుతోంది. సంబంధం లేని రెండు కొలతలు ఒకే మాట చెప్పినప్పుడు దాన్ని కాదనడం కష్టం. 1903లో అరీనియస్‌కు నోబెల్ వచ్చింది.

అయినా కాదన్నవాళ్లు తెలివితక్కువవాళ్లేమీ కాదు. మెండలీవ్ అంతటివాడు ఒప్పుకోలేదు. లండన్‌లో హెన్రీ ఆర్మ్‌స్ట్రాంగ్ జీవితాంతం ఒప్పుకోలేదు. వాళ్ల ప్రశ్నలు ఇప్పటికీ తరగతిలో ఏ చురుకైన పిల్లో అడిగేవే. సోడియం ముక్కను నీళ్లలో వేస్తే భగ్గుమంటుంది కదా, ఉప్పునీళ్లలో అది సోడియంగా తిరుగుతుంటే గ్లాసు ఎందుకు పేలదు? క్లోరిన్ ఉంటే ఆ పచ్చరంగూ ఘాటూ ఏవి? రెండోది ఇంకా గట్టి ప్రశ్న. ఒట్టి వేడితో ఉప్పు కరగాలంటే 800 డిగ్రీల సెల్సియస్ కావాలి. అంత గట్టి పట్టును మామూలు చల్లటి నీళ్లు ఎలా విడిపిస్తాయి, ఆ శక్తి ఎక్కడిది?

మొదటిదానికి జవాబు తేలిక. ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న సోడియం వేరు, లోహపు సోడియం వేరు. రెండోదానికి జవాబు రావడానికి ఎక్స్ కిరణాలు కావలసివచ్చాయి. 1913, 14ల్లో బ్రాగ్ తండ్రీకొడుకులు ఉప్పు స్ఫటికంలోకి తొంగిచూస్తే అందులో సోడియం క్లోరైడ్ అణువనేదే కనిపించలేదు. ఒక సోడియం చుట్టూ ఆరు క్లోరిన్లు, ఒక క్లోరిన్ చుట్టూ ఆరు సోడియాలు. ఎవరికి ఎవరు జంటో చెప్పలేం. అంటే విడగొట్టడానికి అక్కడ జంటే లేదు. ఉప్పు డబ్బాలో ఉండగానే అయాన్ల కుప్ప. ఆర్మ్‌స్ట్రాంగ్ దీన్నీ నమ్మలేదు. ఎనభైకి దగ్గరపడిన వయసులో, 1927లో, నేచర్ పత్రికలో పాపం ఉప్పుకు ఈ గతి పట్టించారా అని ఎద్దేవా చేశాడు.

శక్తి లెక్క చూస్తే ముచ్చటేస్తుంది. ఒక మోల్ ఉప్పు స్ఫటికాన్ని పూర్తిగా విడదీసి అయాన్లను దూరదూరంగా పెట్టాలంటే 787 కిలోజౌళ్లు కావాలి. ఆ అయాన్ల చుట్టూ నీటి అణువులు చేరినప్పుడు దాదాపు అంత శక్తీ తిరిగి వచ్చేస్తుంది. నీటి అణువుకు ఒక కొస కాస్త రుణంగా, ఇంకో కొస కాస్త ధనంగా ఉంటుంది. సోడియం చుట్టూ ఆక్సిజన్ కొసలు, క్లోరైడ్ చుట్టూ హైడ్రోజన్ కొసలు తిరిగి నిలబడతాయి. జమా ఖర్చులు పోను తగ్గేది నాలుగు కిలోజౌళ్లు. ఆ లోటును నీళ్లు తమ వేడిలోంచి పూడ్చుకుంటాయి, అందుకే ఉప్పు కలిపిన నీళ్లు రవ్వంత చల్లబడతాయి. పైగా నీళ్లలో రెండు ఆవేశాల మధ్య ఆకర్షణ, శూన్యంలో ఉన్నదాంట్లో ఎనభయ్యో వంతు మాత్రమే. ఒకసారి విడిపోయినవి మళ్లీ అతుక్కోవడానికి తొందరేమీ ఉండదు.

ఇక ఆమ్లం సంగతి. ఇక్కడ కథ పూర్తిగా మారిపోతుంది. హైడ్రోజన్ క్లోరైడ్ మామూలు ఉష్ణోగ్రతలో వాయువు. అందులో ఉన్నది హైడ్రోజన్, క్లోరిన్ చెరో ఎలక్ట్రాన్ పెట్టుకుని పంచుకున్న అణువు, అయాన్ల కుప్ప కాదు. బాగా ఆరబెట్టిన ఆ వాయువులో పొడి నీలి లిట్మస్ కాగితం పెడితే రంగు మారదు. దాన్ని టోలుయిన్‌లో కరిగించి కడ్డీలు ముంచితే బల్బు వెలగదు. అదే వాయువు, అదే అణువు. నీళ్లలోకి పంపగానే లిట్మస్ ఎర్రబడుతుంది, బల్బు వెలుగుతుంది. మరి ఆమ్లత్వం ఆ వాయువులో ఉన్నట్టా, నీళ్లలో ఉన్నట్టా? రెండింటి మధ్య జరిగిన ఇచ్చిపుచ్చుకోవడంలో ఉంది. హైడ్రోజన్ తన ఎలక్ట్రాన్‌ను క్లోరిన్‌కు వదిలేసి, ఒట్టి ప్రోటాన్‌గా పక్కనున్న నీటి అణువు మీదికి మారిపోతుంది. నీటి అణువు హైడ్రోనియం అవుతుంది. 1923లో కోపెన్‌హాగెన్‌లో బ్రాన్‌స్టెడ్, ఇంగ్లండులో లౌరీ ఒకరికొకరు తెలియకుండా చెప్పింది ఇదే. ప్రోటాన్ ఇచ్చేది ఆమ్లం, పుచ్చుకునేది క్షారం. పుచ్చుకునేవాడు లేకుండా ఇచ్చేవాడు లేడు.

గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని మామూలు ఉక్కు ట్యాంకర్లలో రోడ్ల మీద తీసుకుపోతుంటారు. నూటికి 98 పాళ్లు ఆమ్లమే, ట్యాంకరు మాత్రం క్షేమం. ప్రోటాన్లు అందుకోవడానికి అందులో నీళ్లు చాలవు, పైగా ఉక్కు గోడ మీద ఐరన్ సల్ఫేట్ పొర కట్టి కాపాడుతుంది. అదే ఆమ్లంలో బాగా నీళ్లు కలిస్తే అదే ఉక్కును బుడగలు కక్కిస్తూ తినేస్తుంది. పలచబడితే మెత్తబడుతుందనుకునే మన లోకజ్ఞానం ఇక్కడ బోల్తా పడుతుంది. అంతమాత్రాన గాఢ ఆమ్లం సాధువని కాదు. నీటి మీద దానికున్న ఆబ అంతా ఇంతా కాదు, చర్మం మీద పడితే అందులోని నీళ్లు లాగేసి మాడ్చేస్తుంది.

ఒక్క హైడ్రోజన్ క్లోరైడ్ అణువు విడిపోవాలంటే ఎన్ని నీటి అణువులు కావాలి? పసిపిల్లల ప్రశ్నలా ఉంది గాని ఈమధ్య దాకా ఎవరూ చూసి చెప్పలేకపోయారు. 2009లో జర్మనీలోని బోఖుమ్ బృందం, పరమ శూన్య ఉష్ణోగ్రతకు ఒక్క కెల్విన్ దూరంలో కూడా లేని చలిలో, హీలియం బిందువుల్లోకి నీటి అణువుల్ని ఒకటొకటిగా చేర్చి చూసింది. నాలుగో అణువు చేరాక ప్రోటాన్ వదిలేస్తుందని వాళ్లు ప్రకటించారు. మిగతా ప్రయోగశాలలు ఆ కొలతను మరోలా చదవచ్చన్నాయి. ఆ చర్చ ఇంకా నడుస్తోంది. ఏదేమైనా ఒక్క నీటి అణువుతో పని జరగదు, గుంపు కావాలి. పుస్తకంలో మనం రాసే హైడ్రోనియం గుర్తు కూడా సౌకర్యం కోసమే. ఆ ప్రోటాన్ ఒకసారి రెండు నీటి అణువుల మధ్య, ఇంకోసారి నాలుగింటి మధ్య పంచుకుని ఉంటుంది, క్షణక్షణానికీ మారుతూ.

ప్రోటాన్ నడక కూడా అయాన్లన్నిటికీ భిన్నం. విద్యుత్ క్షేత్రంలో సోడియం అయాన్ వేగాన్ని 50 అనుకుంటే ప్రోటాన్‌ది 350. అంత వేగం ఎలా? స్లాబు పోసేటప్పుడు కూలీలు వరసగా నిలబడి సిమెంటు తట్టలు చేతులు మారుస్తారు చూడండి, ఎవరూ కదలరు, తట్ట మాత్రం పైకి చేరుతుంది. ఒక నీటి అణువు తనకొచ్చిన ప్రోటాన్‌ను ఉంచుకుని తనదగ్గరున్న ఇంకోదాన్ని పక్కవాడికి ఇచ్చేస్తుంది. 1806లోనే గ్రోటస్ అనే ఇరవై దాటిన కుర్రాడు దీన్ని ఊహించాడు. అప్పటికి నీటి ఫార్ములా కూడా సరిగ్గా తెలియదు.

ఇచ్చే ఆమ్లాలన్నీ ఒకేలా ఇవ్వవు. వెనిగర్‌లోని ఎసిటిక్ ఆమ్లాన్ని లీటరుకు 0.1 మోల్ కలిపితే నూటికి 1.3 అణువులు మాత్రమే విడిపోతాయి. మిగతావి కరిగే ఉంటాయి, అణువులుగానే. పదింతలు పలచన చేస్తే విడిపోయేవి నూటికి నాలుగవుతాయి. ఈ లెక్క కట్టింది ఆస్ట్‌వాల్డే, 1888లో. అమోనియా కూడా విచిత్రంగా ఇదే కొలతలో బలహీనం. కాకపోతే అది ఇచ్చేది కాదు, నీటి దగ్గర ప్రోటాన్ తీసుకునేది. వెనిగర్‌లో బల్బు గుడ్డిగా వెలుగుతుంది, అమోనియా నీళ్లలోనూ గుడ్డిగానే. రెండూ కలపండి, బల్బు కళ్లు చెదిరేలా వెలుగుతుంది. ఒకటి ఇవ్వడానికి, ఒకటి తీసుకోవడానికి సిద్ధంగా ఉన్నవి ఎదురుపడ్డాయి గనక అమోనియం ఎసిటేట్ అయాన్లు నిండుగా వచ్చేశాయి. అయాన్ల పాఠానికి ఇంతకన్నా మంచి ప్రదర్శన నాకు తెలియదు. మన బడుల్లో ఎందుకు చేయించరో కూడా తెలియదు.

బలహీనమంటే ప్రమాదం లేనిదని కాదు. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం లెక్కకు బలహీనం. ఫ్లోరిన్ తన హైడ్రోజన్‌ను అంత గట్టిగా పట్టుకుంటుంది గనక సులభంగా వదలదు. విడిపోని ఆ అణువే చర్మంలోంచి లోపలికి దూరి కణజాలంలోని కాల్షియాన్ని పట్టేస్తుంది. ఇలాగే, ఎంత కరుగుతుంది, కరిగిందాంట్లో ఎంత విడిపోతుంది అన్నవి రెండు ప్రశ్నలు. సున్నం లీటరు నీళ్లలో రెండు గ్రాములైనా కరగదు. కరిగినంత మేరకు మాత్రం కాల్షియం, హైడ్రాక్సైడ్ అయాన్లుగా విడిపోతుంది. మంగళహారతి పళ్లెంలో పసుపు నీళ్లలో చిటికెడు సున్నం వేయగానే ఎర్రనీళ్లు అయ్యేది ఆ కొద్దిపాటి హైడ్రాక్సైడ్‌తోనే.

మూడో రకం ఉంది, పుస్తకాలు పక్కకు నెట్టేసేది. క్యారమ్ బోర్డు మీద చల్లే బోరిక్ పొడి ఆమ్లమే, కాని తన హైడ్రోజన్‌ను ఇవ్వదు. నీటి దగ్గర హైడ్రాక్సైడ్ లాక్కుని, మిగిలిన ప్రోటాన్‌ను నీళ్లకు వదిలేస్తుంది. బురద నీళ్లు తేరడానికి తిప్పే పటికలో హైడ్రోజన్ ఇచ్చే ఆమ్లమేదీ లేదు, అయినా పటిక నీళ్లు పుల్లగా ఉంటాయి. మూడు ధనావేశాలున్న చిన్న అల్యూమినియం అయాన్ తన చుట్టూ చేరిన ఆరు నీటి అణువుల్ని ఎంత గట్టిగా గుంజుతుందంటే, అందులో ఒకటి ప్రోటాన్ వదులుకుంటుంది. ఆమ్లత్వం ఎసిటిక్ ఆమ్లానికి దగ్గర్లో ఉంటుంది.

అరీనియస్ తప్పిన చోటు కూడా ఒకటి ఉంది. ఉప్పు కూడా పాక్షికంగానే విడిపోతుందని, గాఢత పెరిగితే విడిపోవడం తగ్గుతుందని ఆయన అనుకున్నాడు. వెనిగర్‌కు చక్కగా కుదిరిన ఆస్ట్‌వాల్డ్ లెక్క ఉప్పుకు కుదరలేదు. ఉప్పు పూర్తిగానే విడిపోతుంది, తేడాకు కారణం అయాన్ల మధ్య లాగుడేనని 1909లో బ్యెరుమ్ అన్నాడు. 1918లో, పాతికేళ్లయినా నిండని జ్ఞానచంద్ర ఘోష్ కలకత్తానుంచి దీనికో గణితం ప్రతిపాదించాడు. ద్రావణంలోనూ అయాన్లు స్ఫటికంలో మాదిరి వరసలు కట్టి ఉంటాయన్నది ఆయన ఊహ. కొన్నేళ్లు దాన్ని గొప్పగా చెప్పుకున్నారు. 1923లో డిబై, హ్యూకెల్ వచ్చి, వరసలేమీ లేవు, ప్రతి అయాన్ చుట్టూ వ్యతిరేకావేశపు మేఘం ఒకటి తిరుగుతుంటుందని చూపించాక ఘోష్ లెక్క వెనకబడింది. ఊహ తప్పినా ప్రశ్న సరైంది. తర్వాత ఆయన బెంగళూరు సైన్స్ ఇన్‌స్టిట్యూట్‌కు, ఖరగ్‌పూర్ ఐఐటీకి సంచాలకుడయ్యాడు.

ఏ పదార్థమూ కలపకపోయినా నీళ్లలో అయాన్లు ఉంటాయి. కోల్‌రాష్ అనే శాస్త్రవేత్త నీళ్లను మళ్లీ మళ్లీ బట్టీపట్టినా వాహకత సున్నాకు రాలేదు. దాదాపు 55 కోట్ల నీటి అణువులకు ఒకటి చొప్పున విడిపోయి ఉంటుంది. ఒక అణువు వంతు రావాలంటే సగటున పది పదకొండు గంటలు పడుతుంది, వచ్చాక విడిపోయినవి రెప్పపాటులో వెయ్యోవంతు కూడా ఉండవు. తటస్థమంటే పీహెచ్ 7 అని బట్టీయం వేసినవాళ్లు గమనించాల్సింది, అది 25 డిగ్రీల దగ్గరి మాట. మరుగుతున్న శుద్ధజలం పీహెచ్ ఆరు పైచిలుకే, అయినా అది తటస్థమే.

ఇదంతా తెలిసి ఒరిగేదేమిటంటారా? ఇంటికొచ్చే నీటి యంత్రాల సేల్స్‌మన్ జేబులోంచి పెన్నులాంటి టీడీఎస్ మీటరు తీస్తాడు. అది కొలిచేది వాహకత. ఆ అంకెను ఒక గుణకంతో హెచ్చించి, కరిగిన పదార్థమని చూపిస్తుంది. గ్లాసులో నాలుగు చెంచాల చక్కెర కలిపి ముంచండి, చక్కెర ఉందన్న సంగతే దానికి తెలియదు. ఆ తర్వాత అతను కుళాయి నీళ్లలో ఇనప కడ్డీలు ముంచి కరెంటు పెడతాడు, ఎర్రటి మడ్డి పైకొస్తుంది. చూశారా మీ నీళ్లు అంటాడు. ఆ మడ్డి నీళ్లది కాదు, అతను తెచ్చిన కడ్డీది. అయాన్లు బాగా తగ్గిన ఆర్వో నీళ్లలో కరెంటు అంతగా పారదు గనక కడ్డీ కరగదు, అంతే.

మీటరు అయాన్ల లెక్క చెబుతుందే గాని పేర్లు చెప్పదు. తెలుగునాట ఈ లోపం ఖరీదైంది. ఎముకలు వంకరపోయే ఫ్లోరోసిస్ మన దేశంలో మొదట 1937లో వైద్య పత్రికకెక్కింది అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని తెలుగు పల్లెలనుంచే. నల్లగొండ పేరు తర్వాత దేశమంతా తెలిసింది. అక్కడి గ్రానైటు రాళ్లలోంచి ఫ్లోరైడ్ అయాన్ బోరునీళ్లలోకి దిగుతుంది. కడుపులోని ఆమ్లంలో పడగానే అది దాదాపు అంతా ప్రోటాన్ పుచ్చుకుని, బలహీనమని పైన చెప్పుకున్న ఆ హైడ్రోఫ్లోరిక్ అణువుగా మారి, ఆవేశం లేదు గనక సులువుగా రక్తంలోకి పోతుంది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను పేరబెట్టే పద్ధతికి నాగపూర్‌లోని నీరీ సంస్థ నల్లగొండ పేరే పెట్టింది. పటిక తెచ్చే పులుపును సున్నం విరుస్తుంది, తేలిన అల్యూమినియం హైడ్రాక్సైడ్ తునకలు ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుక్కి చేరతాయి.

తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము మించకూడదు, వేరే దారి లేకపోతే 1.5 దాకా. మొత్తం కరిగిన పదార్థాలు 500 దాకా ఉండొచ్చు. 400 చూపిస్తున్న మీటరులో ఆ నాలుగొందల్లో ఫ్లోరైడ్ ఒకటో, నాలుగో తెలిసే దారే లేదు. కాబట్టి బోరు నీళ్లు తాగేవాళ్లు మీటరు అంకె చూసి నిశ్చింతగా ఉండకండి. గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలో ఫ్లోరైడ్ పరీక్ష ప్రత్యేకంగా అడిగి చేయించండి.